అడిగి ఇచ్చినవాడు

ఫిరోజ్ షట్టర్ సగం దించేసరికి కింద నా కాలు అడ్డం పెట్టాను.

"తియ్యి పైకి," అన్నాను.

"అక్కా, కాలు నలుగుతుందండీ..."

"నలగనీ. మా నాన్న కిడ్నీలే నలిగిపోయాయి, నా కాలొక లెక్కా?"

పొద్దున తొమ్మిదైంది. ఉంగుటూరు సెంటర్ నిండా జనం. బస్సు కోసం నుంచున్నవాళ్ళు, ఆటోవాళ్ళు, టిఫిన్ బండి దగ్గర ప్లేట్లు పట్టుకున్నవాళ్ళు అందరూ ఇటు తిరిగారు. తిరగాలనే వచ్చాను. నేను తాడేపల్లిగూడెం డిపోలో కండక్టర్‌ని. పదకొండేళ్ళుగా ఏలూరు రూటులో అరిచి అరిచి ముదిరిన గొంతు నాది. ఆ పొద్దు ఆ గొంతంతా ఫిరోజ్ కోసమే దాచుకుని, డ్యూటీకి సెలవు పెట్టి మరీ వచ్చాను.

నాన్న ఏలూరు ఆస్పత్రిలో చేరి అది మూడో రోజు. మొన్న సోమవారం పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేకపోయారు. మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. చేలో నీళ్ళల్లో తిరిగే మనిషి కదా, ఎలుక జ్వరమేమోనన్నారు ముందు. నిన్న సాయంత్రం మా తమ్ముడు ఫణికిరణ్ నాన్న విప్పిన చొక్కా జేబు తడిమితే నొప్పి బిళ్ళల అట్ట ముక్క ఒకటి దొరికింది. ఫిరోజ్ మందుల షాపులో కొని రెండు నెలలుగా రోజుకు రెండేసి మింగుతున్నారట. డాక్టరమ్మ ఆ ముక్క చూసి, "అయ్యో, కిడ్నీలకి ఇవి చాలా చేటండీ," అంది. ఆ ఒక్క మాట చాలు నాకు. రాత్రంతా పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను.

"రెండు నెలలు అమ్మావా లేదా?" అన్నాను.

"ఆయ్, అమ్మానండీ."

"చీటీ ఉందా? ఏ డాక్టరన్నా రాశాడా?"

"లేదండీ."

ఒప్పేసుకుంటే ఎలా? లేదని బుకాయిస్తాడనుకుని వచ్చాను నేను. బుకాయిస్తే చీల్చి చెండాడడానికి మాటలన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను. ఆ మెత్తదనం చూసి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

"నీకు నోరు లేదా? ఇవ్వనని చెప్పలేవూ?"

"తప్పేనండీ. బాబాయ్‌గారు కదా, కాళ్ళు పట్టేసి నడవలేకపోతున్నానంటే..."

"ఆ వరసలు నా దగ్గర కలపకు! బాబాయ్ అని పిలిచి విషం చేతిలో పెట్టావు."

ఫణికిరణ్ నా వెనకాల నుంచుని ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. తియ్యమని నేనే చెప్పాను. ఫిరోజ్ ఒకసారి ఆ ఫోన్ వైపు చూసి తల దించుకున్నాడు. చిన్నప్పుడు నాకంటే రెండు క్లాసులు కింద చదివాడు. బళ్ళో కూడా ఇంతే, ఎవడేమన్నా తల దించుకునేవాడు.

"నేను అడిగానండీ అక్కా," అన్నాడు నెమ్మదిగా. "బీపీ మాత్రలుగానీ, కొలెస్ట్రాల్ మాత్రలుగానీ ఏవన్నా వాడుతున్నారా బాబాయ్‌గారూ అని మూడుసార్లు అడిగాను. ఏ మాత్రా వేసుకోను, పోయినేడాది రాసిచ్చినవి తీసుకెళ్ళి కాలవలో పారేశానన్నారు."

"అవి పారేస్తే నీకేం, పారెయ్యకపోతే నీకేం?"

"అలా కాదండీ. రెండు తొడలూ, రెండు భుజాలూ ఒకేలాగ పీకుతున్నాయన్నారు. కొలెస్ట్రాల్ మాత్రలు కొంతమందికి పడకపోతే అలాగే వస్తుందండీ. అలాంటప్పుడు మనం నొప్పి బిళ్ళ ఇచ్చామనుకోండి, నొప్పి తెలీదు, లోపల కండ మాత్రం పాడైపోతూనే ఉంటుంది. అందుకని మళ్ళీ మళ్ళీ అడిగాను. పది రోజుల కిందట ఇంక ఇవ్వనని చెప్పేశాను కూడా. రక్తపరీక్ష చేయించుకుని రమ్మన్నాను. నా మీద కోపం వచ్చి వెళ్ళిపోయారు. ఆ తర్వాతవి ఎక్కడ కొన్నారో నాకు తెలీదండీ."

"బాగుంది! మంచం మీద పడున్న మనిషి వచ్చి కాదనలేడు కదా అని ఆయన మీదకే తోస్తున్నావా?"

చేతికి ఏది అందితే అది లాగాను. కౌంటర్ మీదున్న ప్లాస్టిక్ బుట్ట అందింది. దగ్గు బిళ్ళలు, గ్లూకోజ్ పొట్లాలు, బ్యాండేజీ చుట్టలు రోడ్డు మీదకి దొర్లిపోయాయి. ఒక ఆటోవాడు "అబ్బో" అన్నాడు. ఎవడో నవ్వాడు.

షాపు వెనక గది నుంచి రబియా వచ్చింది. ఫిరోజ్ భార్య. కౌంటర్ దాటి రోడ్డు మీదకి వచ్చి, ఒంగి ఒక్కొక్కటీ ఏరడం మొదలుపెట్టింది. ఫిరోజ్ కూడా ఒంగబోతే, "మీరు ఉండండి," అంది.

అన్నీ ఏరి బుట్టలో వేసుకుని లేచి నా కళ్ళల్లోకి చూసింది.

"అయిపోయిందా వదినా? ఇంకేమన్నా పడెయ్యాల్సినవి ఉన్నాయా?"

"డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి కంప్లయింట్ పెట్టాం. ఆయనొచ్చి పడేస్తాడులే మిగిలినవి."

"పెట్టుకోండి. చీటీ లేకుండా ఇచ్చినందుకు ఏం వేస్తే అది కట్టుకుంటాం. కానీ విషం అన్నారు చూడండి, ఆ మాట మాత్రం మర్చిపోను."

"మర్చిపోకు!" అని అరిచి బస్సెక్కాను. కైకరం దాటకముందే ఫణికిరణ్ ఆ వీడియో ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. పుళ్ళ దగ్గరికి నలభై మంది చూశారు, భీమడోలు వచ్చేసరికి రెండొందలు. "అదరగొట్టావక్కా," అన్నాడు వాడు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది.

* * *

ఆస్పత్రిలో నాన్న మంచం పక్కనే స్టూలు మీద అమ్మ కూర్చుని ఉంది. పేరు అచ్చాయమ్మ. ఊళ్ళో అందరికీ నోట్లో నాలుక లేని మనిషిగానే తెలుసు. ఒళ్ళో ఫ్లాస్కు, చేతిలో చెంచా. నాన్నకి పొద్దున్నే రాగిజావ లేకపోతే గడవదు. ఇక్కడికి వచ్చాక కూడా ఏలూరులో చుట్టాలింట్లో కాచుకుని ఆటోలో తెస్తోంది.

"గట్టిగా దులిపేసి వచ్చాను నాన్నా," అన్నాను.

"ఎవర్ని?"

"మందుల షాపువాడిని."

నాన్న మొహం చిట్లించారు. ఏదో అనబోయేలోపు డాక్టర్ మెర్సీ కాగితాలు పట్టుకుని వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. మూడు రోజులుగా ఇంటికి వెళ్ళినట్టు లేదు, కళ్ళు గుంటలు పడ్డాయి.

"చలపతిరావుగారూ, ఎలుక జ్వరం కాదండీ. ఆ పరీక్షలో ఏమీ లేదని వచ్చింది," అంది. "మీ కండలు లోపల కరిగి రక్తంలో కలుస్తున్నాయి. ఆ కరిగినదంతా వెళ్ళి కిడ్నీల్లో అడ్డుపడుతోంది. దాని లెక్క మామూలుగా రెండొందల లోపు ఉండాలి. మీకు వచ్చిన రోజు ఇరవై వేలు ఉంది. ఇవాళ నలభై వేలు."

"ఆ నొప్పి బిళ్ళల వల్లేగా?" అన్నాను నేను.

"నొప్పి బిళ్ళలు కిడ్నీని దెబ్బతీస్తాయి, నిజమే. నొప్పి తెలియకుండా చేసి ఇన్నాళ్ళు ఆలస్యం కూడా చేశాయి. కానీ కండల్ని ఇలా కరిగించవండీ. పైగా అవి ఆపేసి మూడు రోజులైంది, సెలైన్ ఎక్కుతోంది, తగ్గాలి. తగ్గకపోగా పెరుగుతోంది. ఏదో ఇంకా లోపలికి వెళ్తోంది." ఆమె నాన్న వైపు ఒంగింది. "ఇంకొక్కసారి అడుగుతాను, విసుక్కోకండి. కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతున్నారా?"

"అమ్మా డాక్టరమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి? పోయినేడాది గుండెల్లో నొప్పొస్తే రాసిచ్చారు. అవి వేసుకుంటే లివరు పోతుందని ఫోన్లో చూశాను. పట్టుకెళ్ళి కాలవలో వేశాను. నేను అబద్ధం చెప్పే మనిషిని కాదు."

అదే మాట. గంటన్నర కిందట ఫిరోజ్ చెప్పిన మాటే.

డాక్టరమ్మ వెళ్ళిపోయింది. అమ్మ ఆమె వెనకే చూస్తూ చాలాసేపు కూర్చుంది. తర్వాత ఫ్లాస్కు మూత తీసి గ్లాసులో జావ పోసింది. చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకున్న చిన్న స్టీలు భరిణె తీసి, మూత విప్పి, చిటికెడు తెల్లటి పొడి జావలో వేసి కలిపింది.

చూసి ఒక్క కేక పెట్టాను.

"అమ్మా! ఉప్పు వద్దని మొత్తుకుంటున్నారు కదే ఆవిడ! కిడ్నీలు పోతుంటే ఉప్పు వేస్తావా?"

"కొంచెమేలే..."

"కొంచెం లేదు, గంపెడు లేదు! ఇటివ్వు!"

భరిణె లాక్కున్నాను. అమ్మ వదల్లేదు. ఇద్దరం పిల్లల్లా గుంజుకున్నాం. చివరికి నా చేతికి వచ్చింది. కోపంగా వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాను.

ఉప్పు కాదు. సుద్దలాగా, చేదుగా ఉంది.

జావ గ్లాసు దూరంగా జరిపి, భరిణె ఒక చేత్తో, అమ్మ రెక్క ఒక చేత్తో పట్టుకుని వరండాలోకి నడిచాను.

"ఏంటిది?"

అమ్మ చెంగు వేలికి చుట్టుకుంటోంది.

"ఏంటిదే అమ్మా?"

"గుండె మాత్ర."

"ఏ గుండె మాత్ర?"

"నువ్వు తెచ్చేదే."

అమ్మ రెక్క వదిలేశాను.

నేను తెచ్చేదే. ప్రతి నెలా మొదటి వారంలో, తాడేపల్లిగూడెం బస్టాండు పక్క సందులో, అమ్మ ఇచ్చిన పాత చీటీ చూపించి కొలెస్ట్రాల్ మాత్రలు కొంటాను. అమ్మ కోసం. "నాకు కొలెస్ట్రాల్ ఉందన్నారే, మీ నాన్నకి చెప్పకు, కంగారు పడతారు," అంది ఉగాది అయ్యాక. సరే అన్నాను. చీటీ మీద పేరున్న చోట చిరిగిపోయి ఉంది, పట్టించుకోలేదు. వినాయకచవితికి వెళ్ళినప్పుడు, "ఇక మీదట రెండింతలు తేవే, డోసు పెంచారు," అంది. అలాగేనన్నాను. ఏ డాక్టరు పెంచాడని గానీ, ఎప్పుడు చూపించుకున్నావని గానీ నేను అడగలేదు. అక్కడ షాపువాడూ నన్నేమీ అడగలేదు.

"అయితే అవన్నీ నాన్నకేనా?"

"మరి ఎవరికి? నాకేం రోగం?"

"ఎనిమిది నెలలుగా?"

"ఆ."

"ఇక్కడికి వచ్చాక కూడానా? ఈ మూడు రోజులూ?"

"మానేస్తే గుండె ఆగిపోతుందేమోనని భయమేసింది."

చెంప పగలగొట్టాలనిపించింది. కన్నతల్లిని. ఆ మాట రాయడానికి సిగ్గు లేదు నాకు, నిజంగా అనిపించింది.

"నీకు బుద్ధుందా? మతి ఉండే చేశావా? రెండింతలు ఎందుకు తెమ్మన్నావు?"

"ఆయన గ్లాసు అడుగున మిగిల్చేస్తారు. ఎప్పుడూ అంతే. గుండ దిగి అడుగునే ఉండిపోతోంది. సగం మందు కడుగునీళ్ళలో పోతోంది కదా అని రెండు నూరి వేశాను. తర్వాత అడుగు మిగలకుండా నీళ్ళు పోసి తిప్పి అది కూడా పట్టేదాన్ని."

అంటే రెండూ లోపలికే వెళ్ళాయి. వినాయకచవితి నుంచి రోజూ రెండు. ఆ తర్వాత నెల తిరక్కుండానే నాన్న కాళ్ళు పట్టేస్తున్నాయన్నారు. నొప్పి బిళ్ళలకి వెళ్ళారు. అడిగినవాడికి నిజమే చెప్పారు.

"చంపేశావు కదే!" అని అరిచాను. వరండాలో అందరూ చూశారు.

అప్పుడు అమ్మ తలెత్తింది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడ గొంతు అలా వినలేదు నేను.

"అరవకు. నీకొక్కదానికే వచ్చా అరవడం? మా అన్నయ్య గోపీనాథ్ గుండె ఆగి గట్టు మీద కూలిపోతే నా ఒళ్ళోనే పోయాడు. పోయినేడాది మీ నాన్నకి గుండెల్లో నొప్పొస్తే డాక్టరు ఏమన్నాడు? మాత్ర మానొద్దన్నాడు. ఈయన కాలవలో పోశారు. నువ్వేం చేశావు? అరిచి గూడెం వెళ్ళిపోయావు. నీ తమ్ముడేం చేశాడు? నాన్న ఇష్టంరా అన్నాడు. కాళ్ళు పట్టుకున్నాను, పస్తులున్నాను, ఏడ్చాను. ఆడదానివి నీకేం తెలుసన్నారు. నేనేం చెయ్యాలే? తీరిగ్గా కూర్చుని ఆయన ఎప్పుడు పడిపోతారా అని చూడాలా?"

భరిణె మూత బిగించాను.

"డాక్టరమ్మకి చెప్పకే," అంది వెంటనే, అదే గొంతు కిందికి దిగిపోయి. "ఇప్పట్నించి వెయ్యను. ఒట్టు. ఆయనకి తెలిస్తే ఇంక నా చేతి కూడు తినరు."

ఫణికిరణ్ ఎప్పుడొచ్చాడో పక్కనే ఉన్నాడు. అంతా విన్నట్టున్నాడు.

"అక్కా, తొందరపడకు. వీడియో ఊరంతా చూశారు. ఇన్‌స్పెక్టర్ బయల్దేరాడట. ఇప్పుడు మనింట్లోనే ఇలా అంటే మన మొహాలెక్కడ పెట్టుకోవాలి? అమ్మ వెయ్యనంటోంది కదా, తగ్గిపోతుంది. ఎవరికీ..."

"నోరు ముయ్యి," అన్నాను. "నీ మొహం ఎక్కడన్నా పెట్టుకో."

భరిణె తీసుకెళ్ళి డాక్టర్ మెర్సీ బల్ల మీద పెట్టాను.

* * *

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎంత మోతాదు, ఎన్నాళ్ళు, రోజుకి ఎన్ని అని అడిగి రాసుకుంది.

"ఈ మాత్ర విషం కాదండీ," అంది చివరికి. "లక్షలమంది వేసుకుంటున్నారు, మీ నాన్నగారికి నిజంగా అవసరమే. కానీ ఎంత వేస్తున్నామో మాకు తెలియాలి, ఒళ్ళు నొప్పులొస్తే ఆయన మాకు చెప్పాలి. ఆయన వేసుకుంటున్నట్టు ఆయనకే తెలీదు, ఇంకెలా చెప్తారు?"

"ఇప్పుడు ఆపేస్తే?"

"ఆపేస్తాం. కానీ రక్తంలో పొటాషియం బాగా పెరిగింది. రెండు గంటల్లోగా డయాలసిస్ మొదలుపెట్టకపోతే గుండె మీద పడుతుంది. నాలుగైదుసార్లు చేస్తే కిడ్నీలు మళ్ళీ పనిలోకి రావచ్చు, ఆశ ఉంది. ఆయన పూర్తి స్పృహలో ఉన్నారు కాబట్టి అన్నీ చెప్పి సంతకం తీసుకోవాలి. అన్నీ అంటే ఇది కూడా. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

నేనే చెప్పాను. మంచం దగ్గర నుంచుని, బస్సులో స్టేజీల పేర్లు చెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. మాత్ర, జావ, ఉగాది, వినాయకచవితి, నేను కొన్నది, అమ్మ నూరింది, నిన్నటిదాకా వేసింది.

సెలైన్ చుక్కలు పడుతూనే ఉన్నాయి. నాన్న మొహం అమ్మ వైపు తిప్పారు.

"రోజూనా?"

"ఆయ్," అంది అమ్మ. వినపడీ వినపడనట్టు.

"పొద్దున్నే గ్లాసు నా చేతికిచ్చి, అడుగంటా తాగేదాకా నా ఎదురుగానే నుంచునేదానివి. నా మీద ప్రేమనుకున్నానే."

"ప్రేమేనండీ."

"ఛీ," అన్నారు నాన్న.

అమ్మ స్టూలు మీంచి లేచి గోడ దాకా వెళ్ళి అక్కడ నుంచుండిపోయింది. ఫణికిరణ్ బయటికి వెళ్ళిపోయాడు. డాక్టరమ్మ ఫారం, పెన్నూ ముందు పెట్టింది. డయాలసిస్ అంటే ఏమిటో, ఎన్ని గంటలు పడుతుందో, ఎక్కడ సూది పెడతారో ఓపిగ్గా చెప్పింది.

"తీసెయ్యమ్మా అది," అన్నారు నాన్న.

"చలపతిరావుగారూ, టైము లేదండీ."

"ఇది నా ఒళ్ళు. ఇందులోకి ఏం వెళ్తుందో నాకు చెప్పాలా వద్దా? నలభై ఏళ్ళు కాపురం చేసినదే చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలీదు. నీ మెషీన్ ఏం చేస్తుందో అసలే తెలీదు. నేను సంతకం పెట్టను."

"నాన్నా!" నా గొంతు లేచింది. "పంతాలకి పోయే టైమా ఇది? చచ్చిపోతారు! పెట్టండి సంతకం!"

"అరవకు. నీ కేకలకి దిగిపోవడానికి నేను నీ బస్సులో ప్యాసింజర్ని కాదు." ఊపిరి అందక ఆగారు. "అవి కొని తెచ్చింది నువ్వే కదా? నీకు తెలీదా? పోనీ తెలీదు. ఒక్కసారన్నా అడిగావా, ఎవరికమ్మా ఇవని?"

నేను నోరు మూసుకున్నాను. కండక్టరుద్యోగంలో చేరాక మొదటిసారి అనుకుంటాను.

డాక్టరమ్మ గడియారం చూసుకుంది. "ఎవరు చెప్తే వింటారండీ మీరు? వాళ్ళనే పిలిపిస్తాను."

నాన్న కళ్ళు మూసుకుని ఆలోచించారు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"ఫిరోజ్‌ని పిలవండి," అన్నారు.

నాకు సరిగ్గా వినపడలేదనుకున్నాను.

"ఉంగుటూరు సెంటర్‌లో మందుల షాపు. ఫిరోజ్. వాడొచ్చి, ఇది మంచిదే బాబాయ్‌గారూ, చేయించుకోండి అంటే చేయించుకుంటాను. వాడొక్కడే నన్ను అడిగి ఇచ్చాడు. ఇవ్వనన్నప్పుడు కూడా మొహం మీదే చెప్పాడు. నాకే కోపం వచ్చి వాడిని నానా మాటలూ అన్నాను. వాడు పడ్డాడు." కళ్ళు తెరిచి నా వైపు చూశారు. "పొద్దున మందుల షాపువాడిని దులిపేసి వచ్చానన్నావు. ఎవర్ని?"

వరండాలోకి పరిగెత్తాను.

పన్నెండున్నర దాటింది. ఉంగుటూరు నుంచి ఏలూరు రావాలంటే ఎంత తొందరగా బయల్దేరినా ముప్పావు గంట. ఫిరోజ్ నంబరు నా దగ్గర లేదు. ఫణికిరణ్ దగ్గర ఉంది, కంప్లయింటులో రాయడానికి తీసుకున్నాడు. వాడి ఫోన్ లాక్కుని కొట్టాను. మోగింది. మోగి ఆగిపోయింది. మళ్ళీ కొట్టాను.

అమ్మ కూడా గది బయటికి వచ్చి నా పక్కన నుంచుంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

మూడోసారికి ఎత్తారు. రబియా.

"చెప్పండి వదినా," అంది. "షాపులో ఇంకేమన్నా మిగిలాయేమో కనుక్కోవడానికా? ఇన్‌స్పెక్టర్‌గారు వచ్చారు. బీరువాలన్నీ తీయించారు. సెంటర్ మొత్తం ఇక్కడే ఉంది."

"ఫిరోజ్... ఫిరోజ్ ఉన్నాడా?"

"ఉన్నారు. మీ వీడియో చూసి ఎవరో రాయి వేశారు. కనుబొమ్మ మీద తగిలింది. కట్టు కడుతున్నాను."

"రబియా, నాన్న ఫిరోజ్‌ని పిలుస్తున్నారమ్మా. ఫిరోజ్ చెప్తే తప్ప సంతకం పెట్టనంటున్నారు. రెండు గంటల టైమిచ్చారు, అందులో సగం అయిపోయింది. నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి పంపించు."

అటునుంచి ఆటో హారన్లు, ఎవరివో మాటలు వినిపిస్తున్నాయి.

"ఆయన వస్తారు వదినా. ఆయన మనసు నాకు తెలుసు, వద్దన్నా వస్తారు. కానీ విషం ఇచ్చినవాడిగా ఈ సెంటర్ దాటి రానివ్వను నేను. మీరు పొద్దున అందరి ముందూ అన్నారు. ఇప్పుడు అందరి ముందే అనండి. స్పీకర్ పెట్టాను."

హారన్ల చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది. ఎవరో "ఉష్, మాట్లాడుతోంది" అనడం వినపడింది. టిఫిన్ బండి, ఆటోస్టాండు, బస్సు కోసం నుంచున్నవాళ్ళు, అందరూ నా కళ్ళ ముందు కనపడ్డారు.

"నేను వీరదుర్గని," అన్నాను. "చలపతిరావుగారి అమ్మాయిని. ఫిరోజ్ అడగాల్సినవన్నీ అడిగాడు. మా నాన్న తనకి తెలిసింది చెప్పారు. ఆయన ఒంట్లో ఉన్న కొలెస్ట్రాల్ మాత్రలు గూడెంలో కొన్నది నేను. జావలో కలిపి పట్టారు. ఆయనకి తెలీదు. ఫిరోజ్‌కీ తెలీదు. పొద్దున నేనన్నదంతా తప్పు."

లోపల గదిలోంచి డాక్టర్ మెర్సీ తొంగిచూసి, తొందరగా అన్నట్టు చెయ్యి ఊపింది.

"పట్టారు అంటే?" అంది రబియా. "ఎవరు పట్టారు?"

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. తల అడ్డంగా ఊపుతోంది.

"గట్టిగా చెప్పండి వదినా. కలిపిందెవరు?"